అటక మీది ఆయిల్ డబ్బా బండికి పోయొచ్చా?

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద నుంచి ఏమేం బయటపడతాయో మీకు తెలియంది కాదు. ఎలుకలు కొట్టిన గోతాలు, పాత స్ప్రేయర్ నాజిళ్లు, తెగిన వైర్లు. వాటి మధ్య ఎప్పుడో కొని పెట్టి మరిచిపోయిన ఇంజన్ ఆయిల్ డబ్బా ఒకటో రెండో ఉంటాయి. మూత సీలు తియ్యలేదు. ఊపితే నిండుగానే ఉంది. బండికేమో ఆయిల్ మార్చాల్సిన రోజు దాటి నెల అయింది. దుకాణానికి పోతే కొత్త డబ్బాకు మూడు, నాలుగు వందలు పెట్టాలి. ఇంట్లో ఉన్నది పోసేస్తే పోలేదా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు. ఎకరం, రెండెకరాల రైతుకు నాలుగు వందలంటే ఒక మనిషి కూలి.

కానీ ఆ బండి మీదే కదా పాలు కేంద్రానికి పోయేది, కూరగాయల బుట్ట సంతకు పోయేది, ఎరువు బస్తా ఇంటికొచ్చేది. ఇంజను పట్టేసిందంటే బోరు పని వేలల్లోకి పోతుంది, బండి వారం రోజులు షెడ్డులో ఉంటుంది. కనుక పోసేముందు ఒక్క పది నిమిషాలు ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని చూడండి. ఏం చూడాలో ఈ వారం చెప్పుకుందాం.

ముందే ఒక మాట. డబ్బా ఎన్నేళ్ల నాటిది అని అందరూ మొదట అడుగుతారు. అది అడగాల్సిందే గానీ మొదట అడగాల్సింది మాత్రం అది కాదు. డబ్బా మీద ఏమి రాసి ఉంది, అది ఇన్నాళ్లూ ఎక్కడ ఉంది అన్నవి ముందు చూడాలి. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు. డబ్బులు పోగొట్టుకుంటే తెలిసింది.

కాలువ కట్ట మీద పాఠం

మా బావమరిదికి హైదరాబాదులో కారుంది. ఆ కారు అమ్మేసి వేరేది కొన్నప్పుడు ఇంట్లో మిగిలిన ఆయిల్ డబ్బాలు రెండు, లీటరువి, నాకిచ్చాడు. సీలు తియ్యలేదు. మూడేళ్ల నాటివి. పైగా ఖరీదైన సింథటిక్ ఆయిల్. 'మామూలు బండి ఆయిల్ కంటే ఇది మూడు రెట్లు రేటు బావా' అన్నాడు. నాది 2012 మోడల్ వంద సీసీ బండి. ఇంకేం, దాని అదృష్టం పండిందనుకుని ఒక డబ్బా పోయించాను.

నాలుగు రోజులు బాగానే తిరిగింది. చప్పుడు కూడా తగ్గిందనిపించింది. వారం తర్వాత వెనక తౌడు బస్తా కట్టుకుని సాగర్ కాలువ కట్ట ఎక్కుతున్నాను. యాక్సిలేటర్ తిప్పుతుంటే ఇంజను గోల పెడుతోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. గేరు మార్చినా అంతే. దిగి తోసుకుంటూ కట్ట ఎక్కాను. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బండి కాసేపు నడిపి చూసి, 'ఏం పోశావన్నా ఇందులో?' అన్నాడు.

'మంచి ఆయిలే తమ్ముడూ. సీలు తియ్యంది. కారుది.'

'కారుకు మంచిదే. నీ బండికి క్లచ్ నూనెలో మునిగి ఉంటది గదన్నా!'

ఆయిల్ తీయించి బండి ఆయిల్ పోశాక కొంత నయమైంది. పూర్తిగా కుదుటపడలేదు. అప్పటికే ప్లేట్లు పాతబడి ఉన్నాయి, జారుడుకు ఇంకాస్త మాడాయి. ప్లేట్లు, కూలి, మళ్లీ ఆయిల్ అన్నీ కలిపి పద్నాలుగు వందలు వదిలింది. మిగిల్చిందేమో నాలుగు వందలు.

ఇందులో ఆయిల్ తప్పు లేదు, దాని వయసు తప్పు అసలే లేదు. ఆ డబ్బా నిన్న తయారైందే అయినా ఇదే జరిగేది. కారు ఆయిల్ పోసిన ప్రతి బండికీ క్లచ్ జారుతుందని కూడా నేను అనను. కొన్నింటికి ఏమీ కాదు. అయితే ఏ డబ్బాతో జారుతుందో, ఏ డబ్బాతో జారదో డబ్బా మీద రాసి ఉంటుంది. చదవకుండా పోయడం నా తప్పు.

ఒకటే నూనె, మూడు పనులు

కారులో ఇంజనుకు ఒక నూనె, గేరుపెట్టెకు వేరే నూనె. క్లచ్ పొడిగా విడిగా ఉంటుంది. మన నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్లలో ఎక్కువ వాటికి అలా కాదు. ఆ లీటరు నూనే పిస్టను, బోరు, క్యామ్ దగ్గర తిరగాలి. అదే గేరు పళ్ల మధ్య నలగాలి. క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. ఇంజను భాగాల దగ్గర జారుడు కావాలి. క్లచ్ ప్లేట్ల దగ్గర పట్టు కావాలి. ఒక్క నూనె రెండూ చెయ్యాలి.

కార్ల ఆయిల్‌లో పెట్రోలు పొదుపు కోసం రాపిడి తగ్గించే మందులు ఎక్కువ కలపడం మొదలయ్యాక మోటారు సైకిళ్ల క్లచ్‌లకు చిక్కు వచ్చింది. అందుకని జపాన్ వాళ్లు 1998లో మోటారు సైకిల్ ఆయిల్‌కు విడిగా ఒక ప్రమాణం పెట్టారు. దాని పేరు జాసో. క్లచ్ నూనెలో మునిగి ఉండే బండ్లకు 'ఎం.ఏ.' రకం. క్లచ్ పొడిగా ఉండే గేర్లు లేని స్కూటర్లకు 'ఎం.బి.' రకం. తర్వాత 2006లో ఎం.ఏ. లోనే ఎం.ఏ.1, ఎం.ఏ.2 అని రెండు చేశారు. రెండో రకానికి క్లచ్ పట్టు ఇంకాస్త ఎక్కువ.

కనుక అటక మీది డబ్బా దించగానే తుడిచి మీరు వెతకాల్సింది ఈ గుర్తు. ఇంగ్లీషు అక్షరాల్లో జె, ఏ, ఎస్, ఓ అని, పక్కన ఎం, ఏ అని ఉంటుంది. చదవడం రాకపోతే బడికి పోయే పిల్లల చేత చదివించండి. గేర్ల బండికి పోసే డబ్బా మీద ఎం.ఏ. కనిపించకపోతే, ఎం.బి. అని ఉంటే, లేదా 'రిసోర్స్ కన్జర్వింగ్', 'ఎనర్జీ కన్జర్వింగ్' అని ఉంటే ఆ డబ్బా మీ బండిది కాదు. ఎంత కొత్తదైనా కాదు. నా బావమరిది ఇచ్చిన డబ్బా వెనక ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంది. తర్వాత చూసుకున్నాను.

అంకెల సంగతి

డబ్బా మీద పెద్దగా కనిపించేవి 20 డబ్ల్యూ 40, 10 డబ్ల్యూ 30, 15 డబ్ల్యూ 50 లాంటి అంకెలు. ఇవి నూనె చిక్కదనం చెబుతాయి. మొదటి అంకె చల్లగా ఉన్నప్పటిది, రెండోది ఇంజను వేడెక్కినప్పటిది. అంకె పెరిగితే చిక్కన. పాత వంద సీసీ బండ్లు చాలావాటికి 20 డబ్ల్యూ 40 పోసేవాళ్లు. తర్వాత వచ్చిన వాటిలో చాలా బండ్లకు కంపెనీ వాళ్లే 10 డబ్ల్యూ 30 అన్నారు. మన ఎండలకు చిక్కటి నూనే మంచిదని మెకానిక్ షెడ్డుల్లో ఒక మాట ఉంది. బోరు అరిగిన పాత బండికి అది కొంత నిజం. కొత్త బండికి మాత్రం ఆ ఎండలన్నీ తెలిసే కంపెనీ పలచటి నూనె రాసింది. అందులో చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్టింగ్ బరువవుతుంది, మైలేజీ కాస్త పడిపోతుంది. కంపెనీ పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే.

ఇక మూడోది, ఏపీఐ అని ఉండి పక్కన రెండు అక్షరాలు. దీన్ని చాలామంది పట్టించుకోరు. పాత డబ్బాల విషయంలో ఇదే అసలు తేడా తెలిపేది. ఇవి అమెరికా పెట్రోలియం సంస్థ ఇచ్చే తరగతులు. పెట్రోలు ఇంజన్లకు 'ఎస్' తో మొదలవుతాయి. రెండో అక్షరం ముందుకు జరిగేకొద్దీ కొత్త తరగతి, మెరుగైన నూనె. ఎస్.ఎఫ్. 1988 దాకా వచ్చిన ఇంజన్లకు, ఎస్.జె. 2001 దాకా వచ్చిన వాటికి, ఎస్.ఎల్. 2004 దాకా వచ్చిన వాటికి అని లెక్క. 2010లో ఎస్.ఎన్., 2020లో ఎస్.పి. వచ్చాయి. ఇవి అమెరికా కార్ల లెక్కలు. మన బండ్లకు మన పుస్తకంలో ఉన్న అక్షరమే లెక్క.

పుస్తకంలో ఎస్.ఎల్. అని ఉంటే ఎస్.ఎల్. గానీ దాని తర్వాతి అక్షరం గానీ పోయొచ్చు, జాసో ఎం.ఏ. కూడా ఉంటే. వెనకటి అక్షరం పోయకూడదు. మీ నాన్నగారి కాలంలో రేకు డబ్బాలో వచ్చిన ఎస్.సి., ఎస్.ఎఫ్. ఆయిల్ సీలు తియ్యకుండా తళతళ మెరుస్తున్నా సరే, ఇప్పటి బండికి చాలదు. అది చెడిపోయి చాలక కాదు. అది తయారైన రోజునే ఈ ఇంజను వేడికీ, ఈ వేగానికీ తయారైంది కాదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బిఎస్-6 బండ్లకైతే సైలెన్సర్‌లో పొగ శుభ్రం చేసే భాగం కూడా ఉంటుంది. నూనె తేడా వస్తే దానికీ ముప్పే, ఆ భాగం ఖరీదు మామూలుగా ఉండదు.

భూమిలో చెడని నూనె డబ్బాలో చెడుతుందా?

అంకెలు, అక్షరాలు అన్నీ సరిపోయాయి. ఇప్పుడు వయసు దగ్గరికి వద్దాం. రచ్చబండ మీద ఈ మాట వస్తే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. 'కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న నూనె కదయ్యా. డబ్బాలో ఐదేళ్లకు చెడిపోతుందా?' అని. వినడానికి సబబుగానే ఉంటుంది.

భూమిలో ఉన్నది ముడి నూనె. డబ్బాలో ఉన్నది అది కాదు. శుద్ధి చేసిన నూనెకు రకరకాల మందులు కలుపుతారు. మసిని అంటుకోకుండా కడిగేది ఒకటి, ఆ మసి ముద్ద కట్టకుండా విడదీసి ఉంచేది ఒకటి, లోహం అరగకుండా పూత పట్టేది, నురగ రాకుండా ఆపేది, తుప్పు పట్టకుండా చూసేది. డబ్బాలో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ మందులే ఉంటాయి. నూనె అలాగే ఉన్నా ఈ మందులు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే విడిపోయి అడుక్కి దిగే అవకాశం ఉంది. పురుగు మందు డబ్బా రెండేళ్లు పక్కన పెడితే అడుగున పేరుకోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ అంత త్వరగా కాదు, నిదానంగా.

నూనెను చెడగొట్టేవి వేడి, గాలి, నీరు. ఇంజనులో ఈ మూడూ ఒకేసారి తగులుతాయి కనుక కొన్ని వేల కిలోమీటర్లకే దాని పని అయిపోతుంది. సీలు ఉన్న డబ్బాలో గాలి కొద్దిగానే ఉంటుంది, నీరు ఉండదు. అందుకే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. చల్లగా, పొడిగా, ఎండ తగలని చోట సీలుతో ఉంచితే నాలుగేళ్లు, ఐదేళ్లు నిలవ ఉంటుందని చాలా కంపెనీలు చెబుతాయి. ఐదేళ్లు నిండిన మర్నాడు విషమైపోతుందని కాదు. ఆ తర్వాత కంపెనీ పూచీ ఉండదు, అంతే.

మరి తారీఖు ఎక్కడ ఉంటుంది? చాలా డబ్బాల మీద మందుల సీసాకు ఉన్నట్టు గడువు తేదీ ఉండదు. తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. డబ్బా అడుగునో, మెడ దగ్గరో, వెనక చీటీ మీద ధర పక్కనో ముద్ర వేసి ఉంటుంది. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవాలి. మీరు కొన్న రోజు నుంచి కాదు. పల్లెటూరి దుకాణంలో ఏడాది, రెండేళ్లు ఉండి మీ చేతికి వచ్చి ఉండొచ్చు.

నా లెక్క ఇది. మూడేళ్ల లోపు డబ్బా, రకం సరిపోతే, అనుమానం లేకుండా పోసుకోండి. మూడు నుంచి ఐదేళ్లదైతే ఎక్కడ ఉందో చూసి, కింద చెప్పిన పరీక్ష చేసి పోసుకోండి. ఐదు దాటితే బండికి వద్దు. ఐదు దాటిన ఆయిల్ పోసుకుని హాయిగా తిరుగుతున్న వాళ్లు ఉన్నారు. నేనూ చూశాను. కానీ నాలుగు వందల కోసం ఆ పందెం నేను కాయను.

ఎక్కడ ఉందన్నది ఎందుకు చూడాలంటే, మన ప్రాంతంలో రేకుల షెడ్డు కింద మే నెలలో చెయ్యి పెట్టలేం. అటక కూడా పైన రేకులుంటే అంతే. పగలు కాగి రాత్రి చల్లారి, మళ్లీ పగలు కాగి, ఇలా నాలుగు వేసవులు గడిచిన డబ్బా వేరు, మిద్దె ఇంట్లో బీరువా కింద చీకట్లో ఉన్న డబ్బా వేరు. మా ఊళ్లో ఒక మామ 2021లో తయారైన 20 డబ్ల్యూ 40 డబ్బాలు రెండు గోడ బీరువాలో పెట్టి మరిచిపోయి, నాలుగేళ్ల తర్వాత తన పాత బండికి ఒకదాని తర్వాత ఒకటి వాడుకున్నాడు. ఏ ఇబ్బందీ రాలేదు. అదే డబ్బా ట్రాక్టరు టూల్ పెట్టెలో ఎండకు నాని ఉంటే నేను వద్దనేవాణ్ణి. యూరియా, పురుగు మందుల పక్కన ఉండి మూత చుట్టూ తెల్లగా పూత పట్టినా వద్దు. డబ్బా ఉబ్బినా, నొక్కుకుపోయి మూత దగ్గర జిడ్డు కారినా, అది సీలు ఉన్నట్టు కాదు.

ఇంట్లో చేసుకునే పరీక్ష

ముందు మూత తియ్యకుండా డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపండి, తలకిందులు చేసి ఊపండి. అడుగుకు దిగినవి ఏమైనా ఉంటే కలుస్తాయి. తర్వాత మూత తీసి, లోపలి రేకు సీలు అంచు నలుగురికీ కనబడేంత శుభ్రంగా ఉందో లేదో చూసి చింపండి. శుభ్రమైన గాజు సీసాలో ఒక గ్లాసెడు పోసి, మూతపెట్టి, ఒక రాత్రి కదలకుండా ఉంచండి.

పొద్దున వెలుగుకు పెట్టి చూడండి. తేనె రంగులోనో, కొంచెం ఎర్రగానో, అద్దంలా తేటగా ఉండాలి. పాలు కలిపినట్టు తెల్లగా, మసకగా ఉంటే నీరు చేరింది. అడుగున ఇసుకలాగా, జున్నులాగా ఏదైనా పేరుకుంటే మందులు విడిపోయాయి, ఊపినా కలవలేదు. రెండిటిలో ఏది కనిపించినా బండికి పోయవద్దు. పుల్లటి కాటు వాసన, మాడు వాసన వచ్చినా అంతే. రంగు ముదురా లేతా అన్నదాన్ని బట్టి మాత్రం ఏమీ తేల్చకండి. ఒక్కో కంపెనీ రంగు ఒక్కోలా ఉంటుంది.

నీరుందేమో అని ఇంకా అనుమానం ఉంటే ఒక పాత రేకు మూతను బాగా కాల్చి, పొయ్యి మీద నుంచి దించి, దూరంగా నిలబడి పుల్లతో రెండు చుక్కలు వెయ్యండి. నీరు లేకపోతే ఊరికే పొగ వస్తుంది. ఉంటే చిటపటమంటుంది. వంట పెనం మీద చెయ్యకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

వేళ్ల మధ్య రుద్ది చూసి 'జిగట ఉంది, బాగుంది' అనడం ఒకటి ఉంది. అది ఏ పరీక్షా కాదు. మందులు పనిచేస్తున్నాయో లేదో వేలికి తెలియదు. ఆ మాటకొస్తే గాజు సీసాకూ పూర్తిగా తెలియదు. పెద్ద తప్పుంటే పట్టిస్తుంది, అంతవరకే. అందుకే రకం, తారీఖు, ఉంచిన చోటు మూడూ సరిపోయిన డబ్బాకే ఈ పరీక్ష అన్నాను.

సగం వాడిన డబ్బా, ట్రాక్టరు బకెట్టు

సీలు తీసి సగం వాడి మూత పెట్టిన డబ్బా సంగతి వేరు. లోపలికి గాలి పోయింది, తేమ పోయింది, దుమ్ము కూడా పోయి ఉండొచ్చు. ఏడాది లోపు వాడెయ్యాలి. తీసిన రోజు తారీఖు డబ్బా మీద పెన్నుతో రాసి పెట్టుకోండి.

ట్రాక్టరు ఉన్న ఇళ్లలో పది, ఇరవై లీటర్ల బకెట్టులో మిగిలిన ఆయిల్ లీటరు తీసి బండికి పోసెయ్యడం నేను చూస్తూనే ఉన్నాను. డీజిలు ఇంజను ఆయిల్‌కు 'సి' తో మొదలయ్యే అక్షరాలుంటాయి, సి.ఎఫ్.4, సి.ఐ.4 అని. అది డీజిలు మసికి తగ్గట్టు తయారైంది. జాసో ఎం.ఏ. గుర్తు దాని మీద కూడా ఉంటే తప్ప బండికి వద్దు. గేరుపెట్టెకు పోసే 90 నంబరు ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ అయితే ఎంత కొత్తవైనా ఇంజనులో పోయకూడదు. పొరపాటున పోసిన వాళ్లున్నారు కనుక చెబుతున్నాను.

బకెట్లు, డ్రమ్ములు ఆరుబయట నిలబెట్టే వాళ్లకు ఇంకో మాట. వానకు మూత పైన నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లారినప్పుడు లోపలికి లాక్కుంటుంది. ఆ లాక్కోవడంలో మూత మీది నీరు మర చుట్టూ సన్నగా లోపలికి దిగుతుంది. బిగించిన డ్రమ్ములో నీరెలా వచ్చిందని ఆశ్చర్యపోతుంటారు. వచ్చింది ఇలాగే. నీడన పెట్టండి. వీలు కాకపోతే డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉన్నచోట వచ్చేట్టు, అంటే ఒకే ఎత్తులో ఉండేట్టు పెట్టండి. అప్పుడు లోపలి వైపు నూనె ఆని ఉంటుంది, నీరు చొరబడదు.

టూ-టీ ఆయిల్, స్ప్రేయర్ పెట్రోలు

పాత రెండు స్ట్రోకుల మోపెడ్లు, పవర్ స్ప్రేయర్లు ఉన్నవాళ్ల దగ్గర టూ-టీ ఆయిల్ డబ్బాలు కూడా మిగులుతాయి. సీలు ఉంటే ఇది కూడా ఏళ్ల తరబడి ఉంటుంది, పై లెక్కే. కానీ ఇది పెట్రోలులో కలిసి కాలిపోవడానికి తయారైన నూనె. నాలుగు స్ట్రోకుల బండి ఇంజనులో పోయడానికి పనికిరాదు. డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, జాగ్రత్త.

ఆయిల్ నిలవ ఉంటుంది గానీ కలిపిన పెట్రోలు నిలవ ఉండదు. లీటరుకు 40 మిల్లీలీటర్లో, మీ స్ప్రేయర్ పుస్తకంలో ఎంతుంటే అంతో కలిపి, మందు కొట్టగా మిగిలింది సీసాలో పోసి వచ్చే పంటకు దాస్తారు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, అది గాలిలోని తేమను పీలుస్తుంది. నెల దాటిన మిశ్రమంతో కార్బురేటర్ జిగురు పట్టి మొరాయిస్తుంది. ఆ రోజుకు కావాల్సినంతే కలుపుకోండి.

సంతలో చవక డబ్బా

మన ఇంట్లో మనం పెట్టిన డబ్బా గురించే ఇంతవరకూ చెప్పాను. 'పాత స్టాకు, సగం ధర' అని సంతలోనో, రోడ్డు పక్కనో అమ్మే డబ్బా సంగతి నేను చెప్పను, కొనవద్దని మాత్రం అంటాను. వాడేసిన ఆయిల్ వడపోసి, పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాల్లో నింపి అమ్మే మోసాలు ఎక్కడో కాదు, మన చుట్టుపక్కలే పట్టుబడుతుంటాయి. ఖాళీ డబ్బాలు మెకానిక్ షెడ్డుల నుంచే పోతాయి. అందుకని ఆయిల్ మార్పించినప్పుడు ఖాళీ డబ్బాకు ఒక చిల్లు పొడిచి వదలండి. కొనేటప్పుడు బిల్లు అడగండి. వారంటీ ఉన్న బండికి ఆ బిల్లు రేపు పనికొస్తుంది కూడా.

పోసేటప్పుడు

ఇంజను కాస్త వేడిగా ఉన్నప్పుడు పాతది పూర్తిగా దించండి. కొలిచి పోయండి. ఉంది కదా అని లీటరు మొత్తం వంచకండి. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి మట్టం చూడండి. చాలా వంద సీసీ బండ్లకు కొలత పుల్లను మర బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. కొన్ని బండ్లకు అద్దపు కిటికీ ఉంటుంది. మూడు, నాలుగేళ్ల డబ్బా పోసినప్పుడు మొదటి వారం బరువు వెయ్యకుండా నడిపి చూసుకోండి. ఇంజను గోల పెరిగి బండి లాగకపోతే అదే రోజు దించెయ్యండి. నేను తౌడు బస్తాతో చూసుకున్నాను, మీరు అలా చూసుకోవద్దు. వచ్చేసారి మార్పు గడువుకు కాస్త ముందే చేయించండి.

బండికి పనికిరాదని తేలిన సీలు డబ్బాను పారబోయనక్కర్లేదు. పంట పని అయ్యాక కల్టివేటర్ కర్రులకు, రోటావేటర్ బ్లేడ్లకు, పార, పలుగు, కొడవళ్లకు మట్టి కడిగి ఆరబెట్టి ఈ నూనె పూసి పెడితే వచ్చే వానాకాలం దాకా తుప్పు పట్టవు. గేటు బందులకు, బావి గిలకకు, బోరు షెడ్డు తాళానికి వాడుకోవచ్చు. పశువుల గాయాలకు, గిట్టలకు పూయకండి. ఖాళీ డబ్బాలో తాగేనీళ్లు, వంటనూనె పోయకండి, ఎంత కడిగినా. ఇంజను నుంచి దించిన నల్ల ఆయిల్‌ను కాలువలో, చెరువులో వంచకుండా మెకానిక్ దగ్గరి డ్రమ్ములోనే వదలండి.

బావమరిది ఇచ్చిన రెండో డబ్బా సీలు తియ్యకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది. సంక్రాంతికి కారులో వచ్చినప్పుడు తయారీ తారీఖు, అంకెలు అతనికే చూపించి, కొత్త కారు పుస్తకంతో సరిచూసుకోమని చెప్పి డిక్కీలో పెట్టి పంపించాను.